అప్పు మన పేరున, ఇంటి కాగితం ఎవరి పేరున?

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో పాలకవర్గం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడాది ఈ సభలో పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, వసూలు ఎంత అని లెక్క చదువుతాం. ఆ లెక్కలు ఈ నివేదిక ముందు పేజీల్లో ఉన్నాయి. ఈసారి పాలకవర్గం ఒక్క సంగతి మీదనే మాట్లాడాలనుకుంది. ఒకప్పుడు మనం అప్పు అడిగితే బర్రె కోసం, కుట్టు మిషన్ కోసం, కిరాణా కొట్టు కోసం అడిగేవాళ్లం. ఇప్పుడు సంఘం మీటింగుల్లో ఎక్కువగా వినబడే మాట "జాగ". ఒక ప్లాటు కొందామా, రెండు గదులు వేసి కిరాయికి ఇద్దామా అని. ఆ కోరిక తప్పు కాదు. కూలి చేతులు అలసిపోయే వయసులో నెలనెలా కిరాయి రావాలని ఎవరికి ఉండదు? కానీ దాన్ని ఎట్లా మొదలుపెట్టాలో మనం ఎక్కడా కూర్చొని మాట్లాడుకోలేదు. మాట్లాడుకోకపోవడం వల్ల ఏమైందో ముందు చెప్పుకుందాం.

మన మండలంలోనే ఒక సంఘంలో నలుగురు అక్కలు ఒకేసారి అప్పు అడిగారు. దరఖాస్తులో రాసింది పాడి బర్రెలు. డబ్బు పోయింది హైదరాబాద్–వరంగల్ రోడ్డు పక్కన ఒక వెంచర్‌లోకి. యాదగిరిగుట్ట ఆలయ పునర్నిర్మాణం మొదలైనప్పటి నుంచి ఈ రోడ్డు పొడవునా రంగు జెండాలు ఎట్లా లేచాయో మీకు తెలుసు. కారు పంపి తీసుకుపోయారు, మధ్యాహ్నం భోజనం పెట్టారు, "ఈ వారం దాటితే గజం రేటు పెరుగుతది" అన్నారు. తీరా చూస్తే ఆ భూమి ఇంకా వ్యవసాయ భూమే. లేఅవుట్ అనుమతి లేదు. అమ్మిన అన్నదమ్ముల చెల్లెలు తన వాటా కోసం కోర్టుకు పోయింది. ఇల్లు కట్టే దారి లేదు, అమ్ముదామంటే కొనేవాడు లేడు.

కిస్తీలు ఆగిపోయాయి. సంఘం పేరు చెడకూడదని, వచ్చే లింకేజీ ఆగిపోకూడదని మిగతా సభ్యులు తలా కొంత వేసుకొని కట్టారు. వాళ్లలో ఒకామె బీడీలు చుట్టే అక్క. ప్లాటుతో ఆమెకు ఏ సంబంధం లేదు. ఆ నలుగురిలో ఒకామె నిరుడు మీటింగులో లేచి, "అక్కా, అప్పు నాది, ఆ జాగ నా పేరు మీద కూడా లేదు, మా ఆయన పేరు మీద ఉంది" అని కూర్చుంది. అందరం తల దించుకున్నాం.

బర్రెలు ఎక్కడున్నాయని మేము పోయి చూడలేదు. దరఖాస్తు మీద సంతకం పెట్టింది మేమే. అందుకే ఈ మాటలు మీకు బుద్ధి చెప్పడానికి కాదు, మా తప్పు నుంచి మేము నేర్చుకున్నది మీ ముందు పెట్టడానికి.

మొదటి మాట లెక్క గురించి.

పట్నంలో కట్టిన ఇల్లు 18 లక్షలకు కొని నెలకు 6,000 కిరాయికి ఇచ్చామనుకోండి. ఏడాదికి 72,000. అంటే నూటికి నాలుగు రూపాయలు. అందులోంచి ఇంటి పన్ను, సున్నం, మోటారు రిపేరు, ఖాళీగా ఉన్న నెల తీసేస్తే ఇంకా తగ్గుతుంది. మన అప్పు రూపాయి వడ్డీ అంటే ఏడాదికి నూటికి పన్నెండు. నాలుగు తెచ్చే ఇంటి కోసం పన్నెండు కట్టే అప్పు చేస్తే ఆ ఇల్లు మనల్ని మోయదు, మనమే దాన్ని మోయాలి.

ఇప్పుడు ఇంకో లెక్క. మన సొంత ఇంటి వెనక ఖాళీ జాగ ఉంది. అక్కడ ఒక గది, చిన్న వంటిల్లు, బాత్రూము వేస్తే 3,50,000 అయిందనుకుందాం. లక్షన్నర మన పొదుపు, 2,00,000 అప్పు. ఐదేళ్ల కిస్తీ పెట్టుకుంటే రూపాయి వడ్డీ మీద నెలకు దాదాపు 4,450 కట్టాలి. కిరాయి 3,000 వస్తుందనుకోండి. ఏడాదిలో ఒక నెల ఖాళీ పోతే 33,000, రిపేర్లకు 3,000 తీసేస్తే 30,000 మిగులుతుంది. కిస్తీలు ఏడాదికి 53,400. అంటే నెలకు ఇంకో 1,950 మన చేతి నుంచి పడాలి. ఆ 1,950 పాల డబ్బుల నుంచో కూలి నుంచో ప్రతి నెలా వస్తుందా? వస్తుందంటే గది వేయండి. రాదంటే ఇంకో ఏడాది పొదుపు చేసి, అప్పు తగ్గించుకొని వేయండి. ఐదేళ్లు దాటాక గది మనది, కిరాయి మనది. పెట్టిన డబ్బు మీద నూటికి ఎనిమిదిన్నర వస్తుంది. జాగకు డబ్బు పెట్టలేదు కాబట్టే అంత వస్తుంది. అందుకే మొదటి మెట్టు ఊరి బయటి వెంచర్ కాదు, మన ఇంటి వెనక జాగ.

ఇదే 2,00,000 బయట మూడు రూపాయల వడ్డీకి తెస్తే వడ్డీయే నెలకు 6,000. కిరాయికి రెండింతలు. అట్లాంటి డబ్బుతో ఇటుక కూడా కొనొద్దు.

ఖాళీ ప్లాటు సంగతి వేరు. అది కిరాయి ఇవ్వదు. ధర పెరిగితేనే లాభం, పెరిగినా అమ్ముడుపోయిన రోజే లాభం. కొన్నప్పుడు రిజిస్ట్రేషన్ ఖర్చు విలువలో ఏడున్నర శాతం దాకా పోతుంది. పిల్ల పెళ్లికో ఆపరేషన్‌కో రేపు కావలసిన డబ్బును ప్లాటులో పెడితే, ఆ రోజు అడిగినకాడికి అమ్ముకోవాల్సి వస్తుంది. అప్పు లేని డబ్బు, పదేళ్లు ముట్టుకోని డబ్బు ఉన్నవాళ్లకే ప్లాటు.

రెండో మాట ఎవరికి కిరాయికి ఇస్తాం అన్నది.

గది వేసేముందు మీ వీధిలో ఎవరు కిరాయికి ఉంటున్నారో పది ఇళ్లు తిరిగి అడగండి. బీబీనగర్ వైపు ఎయిమ్స్ వచ్చాక నర్సులు, సిబ్బంది గదులు వెతుక్కుంటున్నారు. వాళ్లకు నీళ్లు, లోపలే బాత్రూము, రాత్రి డ్యూటీ నుంచి వస్తే తెరిచే గేటు ముఖ్యం. పోచంపల్లి వైపు నేత కుటుంబాలు కిరాయి ఇల్లు అడిగితే ముందు చూసేది మగ్గం వేసే చోటు. మగ్గం పట్టని ఇల్లు ఎంత అందంగా ఉన్నా వాళ్లకు పనికిరాదు. బస్సు దిగి మైలు నడవాల్సిన చోట గది వేస్తే అది మన మేకలకే మిగులుతుంది.

గది చూడడానికి వచ్చిన మనిషిని ముందు కులం అడిగే అలవాటు మనలో ఉంది. సంఘంలో పక్కపక్కన కూర్చొని ఒకే పుస్తకంలో సంతకం పెట్టే మనం ఆ ప్రశ్న మానుకుందాం. ఏం పని చేస్తారు, ఎంతమంది ఉంటారు, ఆధార్ కాపీ ఇస్తారా అని అడిగితే చాలు.

నోటి మాట మీద ఇవ్వకండి. కిరాయి, అడ్వాన్సు, కరెంటు బిల్లు ఎవరిది, ఖాళీ చేయడానికి ఎన్ని రోజుల ముందు చెప్పాలి అన్నది కాగితం మీద రాసుకోండి. చాలామంది కిరాయి ఒప్పందం 11 నెలలకు రాసుకుంటారు. వీలైతే వేరే మీటరు పెట్టించండి. సగం గొడవలు కరెంటు బిల్లు దగ్గరే మొదలవుతాయి.

మూడో మాట కాగితాలు. ఇల్లు గానీ ప్లాటు గానీ కొనాలనుకున్నవాళ్లు బయానా ఇవ్వకముందే ఇవి చూడాలి.

ఒకటి, ఈసీ. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులోనో మీసేవలోనో 30 ఏళ్లకు తీయించండి. ఎవరు ఎవరికి అమ్మారో, బ్యాంకుకు కుదువ ఉందో తెలుస్తుంది. కానీ రిజిస్టర్ కాని ఒప్పందాలు ఈసీలో కనబడవు. కాబట్టి లింకు డాక్యుమెంట్ల అసలు కాగితాలు కళ్లతో చూడాలి. అసలు కాగితం చూపించకపోతే అది ఎక్కడో కుదువలో ఉందనుకోవాలి.

రెండు, నిషేధిత జాబితా. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ కింద ప్రభుత్వ, దేవాదాయ, వక్ఫ్, అసైన్డ్ భూముల జాబితా ఉంటుంది. సర్వే నంబరు అందులో ఉందేమో అడగండి. పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూమి కొనకూడదని 1977 నుంచే చట్టం ఉంది.

మూడు, అనుమతి. వ్యవసాయ భూమి నాలా కింద మారిందా, లేఅవుట్‌కు డీటీసీపీదో హెచ్ఎండీఏదో అనుమతి ఉందా చూడాలి. 500 చదరపు మీటర్లు దాటిన వెంచర్, అంటే దాదాపు 600 గజాలు దాటినది, 2016 చట్టం ప్రకారం రెరాలో నమోదు కావాలి. రెరా నంబరు అడగండి, ఇంట్లో చదువుకున్న పిల్లలతో వెబ్‌సైట్‌లో చూపించుకోండి. అట్లా నమోదైన చోట కూడా అమ్మకం ఒప్పందం రిజిస్టర్ చేయకుండా ధరలో పది శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు. "ప్రీ లాంచ్, మొత్తం ఇప్పుడే కట్టండి" అన్నవాళ్లకు ఒక దండం పెట్టి వచ్చేయండి.

నాలుగు, సంతకాలు. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో ఆడపిల్లకు సమాన వాటా మన దగ్గర ఎన్.టి. రామారావు ప్రభుత్వం 1986లో తెచ్చిన సవరణతోనే మొదలైంది. 2005లో దేశమంతటికీ వచ్చింది. కాబట్టి అన్నదమ్ములు అమ్ముతుంటే అక్కచెల్లెళ్లు ఏరీ అని అడగాలి. కొనేటప్పుడు ఆ ప్రశ్న మన డబ్బును కాపాడుతుంది. పుట్టింట్లో అదే ప్రశ్న మన వాటాను కాపాడుతుంది. అటువంటి ఆడబిడ్డ సంతకం తప్పించి చౌకగా వచ్చిందని కొనడం మనలాంటి ఇంకొక ఆడమనిషిని ముంచడమే.

ఐదు, నోటరీ కాగితం, జీపీఏ మీద ఇల్లు మనది కాదు. జీపీఏతో చేసిన అమ్మకం వల్ల హక్కు రాదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. ఇంటి పన్ను రసీదు కూడా హక్కు కాగితం కాదు. గ్రామకంఠంలో ఉన్న ఇళ్లకు చాలావాటికి పాత దస్తావేజులు ఉండవు, అక్కడ మరింత జాగ్రత్తగా ఉండాలి. ఒక వకీలుకు ఇచ్చే ఫీజు దగ్గర మనం బేరమాడతాం. ఆ నలుగురూ అట్లాగే మిగుల్చుకున్నారు.

చివరి మాట పేరు గురించి.

సంఘం మన పేరు చూసి అప్పు ఇస్తుంది. బ్యాంకులో వేలిముద్ర మనది. కిస్తీ తప్పితే నలుగురిలో మాట పడేది మనం. అయినా రిజిస్ట్రేషన్ రోజు వచ్చేసరికి "ఎవరి పేరైతే ఏంది, ఒకటే ఇల్లు కదా" అంటారు. ఒకటే ఇల్లయితే మన పేరున ఉన్నా ఒకటే కదా! అక్కలారా, ఇది మొగుడి మీద కోపంతో చెప్పే మాట కాదు. ఆయన పేరు వద్దనడం లేదు, పక్కన మన పేరు కూడా ఉండాలంటున్నాం. రేపు ఏదైనా జరగరానిది జరిగితే ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ కూడా తగ్గుతుంది.

ఇవన్నీ ఆలోచించి పాలకవర్గం మూడు తీర్మానాలు మీ ముందు పెడుతోంది.

జాగ, ఇల్లు, గది కోసం అడిగే అప్పును ఆ పేరుతోనే రాయాలి. బర్రె అని రాసి ప్లాటు కొంటే సంతకం పెట్టిన మేము కూడా జవాబుదారులం.

అట్లాంటి అప్పుకు ముందు ఈసీ, లింకు డాక్యుమెంట్లు, అనుమతి కాగితం నకళ్లు గ్రామ సమాఖ్యలో ఇవ్వాలి. సొంత జాగలో గది వేసేవాళ్లు నెలవారీ లెక్క రాసి ఇవ్వాలి. రాయడం రానివాళ్లకు వీఓఏ, పాలకవర్గ సభ్యులు దగ్గర కూర్చొని రాసిపెడతారు.

కొనే ఆస్తి కాగితంలో సభ్యురాలి పేరు ఒంటరిగానో జంటగానో ఉండాలి. లేకపోతే ఆ పనికి సమాఖ్య అప్పు లేదు.

నిరుడు లేచి మాట్లాడిన ఆ అక్క ఈరోజు కూడా వచ్చింది, మూడో వరుసలో కూర్చుంది. ఆమె బాకీ ఇంకా తీరలేదు. కిస్తీ గడువు పెంచి, చిన్న కిస్తీలుగా మార్చాలని ఆమె సంఘం అడిగింది. మేము ఒప్పుకున్నాం. కోర్టులో కేసు తేలేదాకా ఆమెను ఒంటరిగా వదలం. ఈ మూడు తీర్మానాల మీద ముందుగా చెయ్యి ఎత్తుతానని ఆమె ఉదయమే మాతో చెప్పింది. మీరూ ఆలోచించి, ఒప్పుకుంటే ఆమెతో పాటు చేతులు ఎత్తండి. అనుమానాలుంటే ఇప్పుడే లేచి అడగండి, ఎంతసేపైనా కూర్చుంటాం.

సెలవు.