ఎల్ మడుగు లెక్క
(రామగిరి మండలం సెంటినరీ కాలనీలో చేసిన స్మారకోపన్యాసం)

ఈ సభ ఎవరి పేరున జరుగుతున్నదో ఆ సైన్స్ మాస్టారికి గోదావరి అంటే ప్రాణం. అందుకే ఇవాళ మన ఊరి బొగ్గు గనుల సంగతి పక్కన పెట్టి, మనకు దగ్గర్లోనే గోదావరిలో ఉన్న ఎల్ మడుగు మొసళ్ల గురించి మాట్లాడతాను. పోతన గజేంద్రుడి పక్షం పట్టినప్పటి నుంచి మన భాషలో మొసలి తరఫున వాదించేవాళ్లు తక్కువ.

తోలు కోసం జరిగిన వేట మన నదుల్ని మొసళ్లు లేకుండా చేస్తూ వచ్చింది. 1972 వన్యప్రాణి చట్టం ఆ వేటను నేరం చేసింది. కానీ ఖాళీ అయిన మడుగును చట్టం నింపలేదు కదా! ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తరఫున వచ్చిన మొసళ్ల నిపుణుడు బస్టర్డ్ సలహాతో 1975లో కేంద్రం మొసళ్ల సంరక్షణ పథకం మొదలుపెట్టింది. పద్ధతి సూటిగా ఉంటుంది. ఒడ్డు మీది గుడ్లు తెచ్చి పొదిగించడం, పిల్లల్ని కాపాడి పెంచడం, కాస్త ఎదిగాక నీళ్లలో వదలడం. ఈ పనికి మనుషుల్ని తయారుచేసే శిక్షణ సంస్థ మన హైదరాబాద్‌లోనే నడిచింది.

మన ఎల్ మడుగు ఉన్న శివ్వారం అభయారణ్యం 1978లో ఏర్పడింది. అదే ఏడాది రామగుండం ఎన్టీపీసీకి శంకుస్థాపన జరిగింది. ఒకే గోదావరి, రెండు ప్రభుత్వ నిర్ణయాలు. వాటిలో ఏది పెద్దదైందో మీకు చెప్పక్కర్లేదు.

ఇక మొసళ్ల లెక్క ఎలా తీస్తారో చూద్దాం. చలికాలంలో ఎండ కాచుకోవడానికి ఒడ్డెక్కిన వాటిని పగలు లెక్కపెడతారు. రాత్రి తెప్ప మీద పోతూ లైటు వేస్తే మొసలి కళ్లు నిప్పు కణికల్లా మెరుస్తాయి. ఆ వెలుగు వచ్చిన దారినే తిరిగి పోతుంది కాబట్టి లైటు మన కంటి దగ్గరే ఉండాలి. గనిలోకి దిగే కార్మికుడి నెత్తి మీది క్యాప్‌ల్యాంపు ఇందుకు అచ్చంగా సరిపోతుంది. దగ్గరికి పోగలిగితే తల పొడవును బట్టి ఒంటి పొడవు అంచనా కడతారు. పోలేకపోతే కళ్లు మాత్రమే కనబడ్డాయని రాసుకుంటారు. నీళ్లలో మునిగినవి, ఒడ్డు బొరియల్లో దాగినవి ఈ లెక్కకు అందవు. కాబట్టి వచ్చిన అంకెను కనీసం ఇన్ని ఉన్నాయని చదవాలి తప్ప మొత్తం ఇన్నేనని కాదు.

నా అసలు పేచీ వేరే ఉంది. మనం పెద్ద మొసళ్లను చూసి సంతోషపడతాం. మొసలి దశాబ్దాలు బతుకుతుంది. ఈ రోజు కనబడే పెద్దది ఎప్పటి నదిలోనో పుట్టింది. ఇప్పటి నది సంగతి చెప్పేవి గూళ్లు, ఆ ఏటి పిల్లలు. ఆడ మొసలి ఎండాకాలం ముందర ఒడ్డు ఇసుకలో గుంత తవ్వి, పాతిక ముప్పై గుడ్లు పెట్టి కప్పేస్తుంది. అవి పిల్లలు కావడానికి సుమారు రెండు నెలలు పడుతుంది. ఇసుక వేడిని బట్టే పిల్ల ఆడో మగో తేలుతుంది. అంటే నీటికంటే ముందు ఇసుక కావాలి.

ఆ ఇసుకకు ఇక్కడ గిరాకీ కొత్తది కాదు. బొగ్గు తీసిన చోట కప్పు కూలకుండా గోదావరి ఇసుకనే గనుల్లో నింపాం. ఓపెన్‌కాస్టు మట్టిని కడిగి ఆ పనికి వాడడం తర్వాతి సంగతి. ఇప్పుడు ఇళ్లకు, రోడ్లకు లారీలు నిండేది ఎండల్లోనే, గుడ్లు ఇసుకలో ఉండే రోజుల్లోనే.

పైగా 2019లో గోదావరి మీద మేడిగడ్డ, అన్నారం, సుందిళ్ల బరాజ్‌లు వచ్చాయి. నిలిచిన నీళ్లలో చేపలు పెరగొచ్చు, మొసలికి తిండి దొరకొచ్చు. కానీ గూడు పెట్టిన దిబ్బ మునిగితే గుడ్డు ఊపిరాడక చస్తుంది. 2023 అక్టోబర్‌లో మేడిగడ్డ పిల్లర్లు కుంగాక బరాజ్‌ల నీళ్లు వదిలేశారు. మునిగిన ఒడ్లు మళ్లీ తేలాయి.

అటవీ శాఖ మిత్రులకు నా విన్నపం ఒక్కటే. చలికాలం గణన సరే, మార్చి నుంచి జూన్ దాకా గూళ్ల లెక్క కూడా తీయండి. ఆ పట్టికను ఇసుక రీచ్‌లు నిర్ణయించే కలెక్టరేట్‌కు, బరాజ్ గేట్లు చూసే ఇంజనీర్లకు పంపండి. గూడు ఎక్కడుందో చూపించడానికి మన బెస్తవాళ్లను కూలి ఇచ్చి పెట్టుకోండి. మడుగు లోతూ ఒడ్డు వాలూ వాళ్లకు తెలిసినంతగా నాకూ తెలియదు, మీ మ్యాపుకూ తెలియదు.