మాత్రల లెక్క కూడా రాసుకుందాం

(మండల సమాఖ్య మహాసభలో ఒక సంఘం లీడర్ చేసిన ప్రసంగం)



ప్రతి ఏడూ ఈ సభలో పొదుపు ఎంత, అప్పు ఎంత, వాయిదాలు ఎన్ని కట్టాం అని చెప్తాం. ఆ లెక్కలు పుస్తకంలో ఉన్నాయి. ఈసారి ఇంకో లెక్క చెప్పాలని వచ్చాం. అది మాత్రల లెక్క. ఇందులో మా తప్పు కూడా ఉంది, కాబట్టి మేమే చెప్పాలి.

మా సంఘంలో ఒక అక్కకు పోయిన ఏడు గర్భసంచి ఆపరేషన్ అయింది. పొట్ట కోసి చేసిన ఆపరేషన్. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ రెండు రకాల నొప్పి మాత్రలు రాసింది. ఒకటి పారాసెటమాల్. రెండోది ట్రమడాల్, అది ఐదు రోజులకే. ఆరు వారాల దాకా బరువులు ఎత్తొద్దని కూడా గట్టిగా చెప్పింది.

మూడో వారంలోనే అక్క మిరపకాయ కోతకు పోయింది. ఎందుకంటే బ్యాంకు అప్పు వాయిదా దగ్గరకొచ్చింది. "నీ ఒక్కదాని వల్ల సంఘానికి చెడ్డపేరు వస్తుంది" అని మీటింగులో అన్నది మేమే. వంగితే పొట్ట లాగేస్తోందని ఆమె చెప్తే, మాలోనే ఒకరు తమ సిజేరియన్ అప్పుడు మిగిలిన ట్రమడాల్ మాత్రలు తెచ్చి ఇచ్చారు. మంచి చేస్తున్నామనే అనుకున్నాం. అవి అయిపోయాక మందుల షాపులో చీటీ లేకుండానే దొరికాయి. రోజుకు రెండు అయ్యాయి, తర్వాత నాలుగు అయ్యాయి. అట్లా నాలుగు నెలలు.

మాత్ర మానితే చెమటలు, ఒళ్లు నొప్పులు, గాబరా, రాత్రంతా నిద్ర ఉండదు. అది ఆపరేషన్ నొప్పే అనుకుంది అక్క. మేమూ అట్లే అనుకున్నాం. మీటింగులో కూర్చునే తూలేది. ఒకరోజు కళ్లు తిరిగి ఇంట్లో పడిపోయింది. అప్పుడు ఆశా కార్యకర్తను తోడు తీసుకొని ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లాం.

అక్కడ డాక్టరు గారు తిట్టలేదు. కూర్చోబెట్టి చెప్పారు. ట్రమడాల్ నల్లమందు లాగా మెదడు మీద పనిచేసే మందు. కోత నొప్పికి కొద్ది రోజులు వాడితే మేలే. వారాల తరబడి వాడితే ఒళ్లు దానికి అలవాటు పడుతుంది. అందుకే 2018లో కేంద్ర ప్రభుత్వం దాన్ని మత్తు మందుల చట్టం కిందకు తెచ్చింది. చీటీ లేకుండా అమ్మకూడదు. ఇంకో మాట కూడా చెప్పారు. ఈ మాత్ర వల్ల మలబద్ధకం వస్తుంది. ముక్కితే కుట్ల దగ్గర నొప్పి, ఆ నొప్పికి మళ్లీ మాత్ర. అక్క అదే చక్రంలో తిరిగింది.

ఒక్కసారిగా ఆపొద్దన్నారు. కొన్ని వారాల్లో మెల్లమెల్లగా తగ్గించారు. ఇప్పుడు అక్కకు ఆ మాత్ర అక్కర్లేదు. పేరు చెప్పకుండా ఈ సంగతి అందరికీ చెప్పమన్నది కూడా ఆమే.

అట్లాగని నొప్పిని పళ్లు బిగించి ఓర్చుకోమని మేము చెప్పడం లేదు. నొప్పికి భయపడి కదలకుండా పడుకుంటే ఊపిరితిత్తుల్లో కఫం చేరుతుంది, కాళ్లలో రక్తం గడ్డ కట్టొచ్చు. నొప్పి తగ్గాలి, మనం లేచి నడవాలి. దానికి మేము నేర్చుకున్నవి ఇవి.

డాక్టరు వేసుకోవచ్చంటే పారాసెటమాల్ నొప్పి ముదిరాక కాకుండా, చెప్పిన టైముకు వేసుకోవాలి. చెప్పినదానికంటే ఎక్కువైతే కాలేయం చెడుతుంది. కొన్ని ట్రమడాల్ మాత్రల్లో పారాసెటమాల్ కూడా కలిసి ఉంటుంది. కాబట్టి రెండూ చూపించి అడగాలి. డైక్లోఫెనాక్ లాంటివి ఖాళీ కడుపున వద్దు. కిడ్నీ జబ్బు, కడుపులో పుండు ఉన్నవాళ్లు ముందే చెప్పాలి.

దగ్గు వస్తే పొట్టకు దిండు అదిమి పట్టుకొని దగ్గాలి. పక్కకు తిరిగి, చేయి ఆనించి లేవాలి. రోజూ కొంచెం కొంచెం నడవాలి. నీళ్లు, ఆకుకూరలు, పండ్లు తీసుకోవాలి.

ట్రమడాల్ వేసుకున్న రోజుల్లో నిద్రమాత్రలు గానీ, కల్లు, సారా గానీ ముట్టకూడదు. ఊపిరి మందగిస్తుంది. పాలిచ్చే తల్లులు ఆ సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పాలి, మందు పాలలోకి పోతుంది. మూర్ఛ ఉన్నవాళ్లూ చెప్పాలి.

రోజురోజుకూ నొప్పి తగ్గాలి. తగ్గకుండా పెరుగుతున్నా, జ్వరం వచ్చినా, కుట్లలో చీము పట్టినా, ఒక కాలు వాచినా ఇంకో మాత్ర వెతుక్కోవద్దు, ఆసుపత్రికి పోవాలి. ఆయాసం వస్తే 108కి ఫోన్ చేయాలి. మాత్ర మానలేకపోతున్నాం అనిపిస్తే సిగ్గుపడొద్దు. 14446 నంబరుకు ఫోన్ చేస్తే డబ్బులు పడవు, సలహా చెప్తారు.

అక్కలారా, ఆలోచిస్తే మాకు తెలిసింది ఒకటే. ఆమె ఆ మాత్ర నొప్పికి వేసుకోలేదు, వాయిదాకు వేసుకుంది. అందుకే మా సంఘంలో మూడు తీర్మానాలు రాసుకున్నాం. ఒకటి, పెద్ద ఆపరేషన్ అయిన సభ్యురాలి వాయిదా రెండు నెలలు సంఘం పొదుపు నుంచి కడతాం, తర్వాత ఆమె మెల్లగా తీరుస్తుంది. రెండు, ఒకరి మాత్రలు ఇంకొకరికి ఇవ్వం. మూడు, ఆపరేషన్ అయినామెకు ఒక చిన్న నోటుబుక్కు ఇస్తాం. ఏ మాత్ర, ఎన్ని గంటలకు, ఇంకా ఎన్ని ఉన్నాయి, ఏ రోజుతో ఆపాలి అన్నది అందులో రాయాలి. చదువు రానివాళ్లకు మాలో ఒకరం పోయి రాస్తాం.

రూపాయి తేడా వస్తే రాత్రి దాకా కూర్చొని లెక్క చూస్తాం మనం. మన మనిషి లెక్క కూడా అట్లాగే చూద్దాం. మీ సంఘాల్లోనూ ఈ తీర్మానం రాయమని అడుగుతున్నాం.