తెలుపు వేరు, శూన్యం వేరు

చోడవరం నుండి నర్సీపట్నం పోయే దారిలో ఉన్న రావికమతంలో మా బంధువుల ఇంట ఒక వృద్ధురాలు కాలం చేసినది. పెద్దకర్మ కార్డు మీద ఆమె బొమ్మ వేయించవలసి వచ్చినది. ఇంటిలో ఉన్నది ఒకే ఒక ఛాయాచిత్రం. వెల్ల వేసిన గోడ ముందు, తెల్లచీర కట్టుకొని, నెరసిన తలతో ఆమె కూర్చున్నప్పుడు తీసినది అది. కార్డు నీలిరంగుది. గోడను తొలగించి మనిషిని మాత్రం ఆ నీలిమ మీద నిలపవలెనని పిల్లలు కోరినారు. బొమ్మ సిద్ధం చేసిన కుర్రవాడు కంప్యూటరుకు తెలుపు తీసివేయమని ఆజ్ఞ ఇచ్చినాడు. అది ఆ ఆజ్ఞను తు.చ. తప్పకుండా పాటించినది. గోడ పోయినది, గోడతోపాటు చీర పోయినది, జుట్టు పోయినది. నీలిరంగులో ఒక ముఖమూ, రెండు చేతులూ మిగిలినవి. ఆమె చెల్లెలు కార్డును కంటికి దగ్గరగా పెట్టుకొని చూచి, “మా అప్ప జుట్టేదిరా, నాయనా?” అని అడిగినది. మాలో ఎవరమూ సమాధానం చెప్పలేకపోయినాము.

ఆ పొరపాటు కుర్రవాని చేతిలో లేదు. అతడు యంత్రానికి చెప్పిన మాటలో ఉన్నది. తెలుపు అంటే ఖాళీ అని మనకు ఒక నమ్మకం. ఆ నమ్మకం కాగితం వలన కలిగినది. తెల్లకాగితం మీద అచ్చు వేసేటప్పుడు సాధారణంగా తెల్లసిరా వాడరు. సిరా పడనిచోట కాగితమే తెల్లగా కనిపిస్తుంది. కనుక ఏమీ లేనిచోటు తెలుపు అనుకొంటాము. కాని ఉదయాన్నే మన ఇంటి వాకిట చూడండి. పేడనీళ్ళు చల్లిన నేల మీద తెల్లని ముగ్గు ఉంటుంది. అక్కడ తెలుపే బొమ్మ. మిగిలినదంతా వెనుకటి నేల. ఆ వాకిట తెలుపును తీసివేస్తే ముగ్గే ఉండదు.

కంప్యూటరులోని బొమ్మకు కాగితం లేదు. అది వరుసలుగా పేర్చిన సన్నని చుక్కల సముదాయం. ఈ చుక్కనే పిక్సెల్ అంటారు. ఒక్కొక్క చుక్కకు సాధారణంగా మూడు అంకెలు ఉంటాయి: ఎరుపు ఎంత, ఆకుపచ్చ ఎంత, నీలం ఎంత అని. ప్రతి అంకె 0 నుండి 255 వరకు ఉండవచ్చును. మూడూ 0 అయితే నలుపు. మూడూ 255 అయితే తెలుపు. అనగా యంత్రం లెక్కలో తెలుపు లేమి కాదు. మూడు కాంతులూ నిండుగా ఉన్న స్థితి. తెల్లకాగితం మీది సంతకాన్ని ఫొటో తీసి రంగు పత్రం మీద ఉంచితే, సంతకం చుట్టూ తెల్లని పలక ఒకటి అతికించినట్లు కనిపించడానికి కారణం ఇదే.

అయితే ‘ఇక్కడ ఏమీ లేదు’ అని యంత్రానికి చెప్పడం ఎట్లా? దానికి నాలుగవ అంకె ఒకటి కావలసి వచ్చినది. 1970ల చివర అమెరికాలోని న్యూయార్క్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఆల్వీ రే స్మిత్, ఎడ్ క్యాట్‌మల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ప్రతి చుక్కకూ రంగుతోపాటు అది ఎంత దట్టమో తెలిపే అంకెను కూడా చేర్చి ఉంచే పద్ధతిని రూపొందించి, దానికి గ్రీకు అక్షరమైన ‘ఆల్ఫా’ పేరు పెట్టినారు. ఆల్ఫా 0 అయితే ఆ చుక్క పూర్తిగా పారదర్శకం. వెనుక ఉన్నది యథాతథంగా కనిపిస్తుంది. 255 అయితే వెనుకటిది ఏమాత్రమూ కనిపించదు. ఇటువంటి బొమ్మలను ఒకదానిపై ఒకటి పేర్చే గణితాన్ని థామస్ పోర్టర్, టామ్ డఫ్ 1984లో ఒక వ్యాసంలో క్రమబద్ధం చేసినారు.

ఈ భేదం మన తోలుబొమ్మల వారికి కొత్తది కాదు. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో ఈ బొమ్మలు చేసే కుటుంబాలు ఉన్నవి. తోలును శుభ్రపరచి, వెలుగు దూరేటంత పలుచన చేసి, రంగులు వేస్తారు. నగలు ఉండవలసినచోట సన్నని రంధ్రాలు కొడతారు. దీపం ముందు తెర మీద ఆ రంధ్రాలు తెల్లని ముత్యాలవలె మెరుస్తాయి. బొమ్మను తెర నుండి తీసి చేతిలో పట్టుకొంటే అవి వట్టి రంధ్రాలని తెలుస్తుంది. తెల్లని తెర ఉన్నంతసేపు తెలుపుకూ శూన్యానికీ తేడా తెలియదు. తెర మారినప్పుడే తెలుస్తుంది. మా నీలి కార్డు మీద జరిగినది కూడా ఇదే.

ఇక తెలుపును తొలగించే మార్గాలు రెండు. మొదటిది, బొమ్మలో ఎక్కడ తెలుపు ఉంటే అక్కడ తీసివేయడం. రెండవది, ఒక మూల తాకి, అక్కడ నుండి వరుసగా కలిసియున్న తెలుపును మాత్రం తీసివేయడం. ఈ రెండవది మడికి నీరు పెట్టడం వంటిది. కళ్యాణపులోవ జలాశయం కింది రైతుకు దీనిని వేరుగా వివరించనక్కరలేదు. నీరు గట్టు వరకు వ్యాపించి ఆగుతుంది. గట్టుకు గండి పడితే పక్కమడిలోకి పోతుంది. బొమ్మలో గట్టు అంటే రంగుల మధ్య తేడా. నల్లని అంచు గట్టిగట్టు. తెల్లగోడకు తెల్లచీర ఆనినచోట గట్టే లేదు. కనుక మొదటి మార్గంలోనే కాదు, ఈ మార్గంలో కూడా ఆ చీర నిలిచేది కాదు.

ఎంత తేడాను గట్టుగా ఎంచవలెనో మనమే యంత్రానికి చెప్పవలెను. ఫొటోలోని తెలుపు అంతటా 255గా ఉండదు. మూలల్లో నీడ పడి తగ్గుతుంది. పాతబడిన కాగితం పసుపు తేలుతుంది. సహనం తక్కువ ఇస్తే మచ్చలు మిగులుతాయి. ఎక్కువ ఇస్తే మనిషిని మింగుతుంది.

అంచుల సంగతి మరింత సున్నితమైనది. వెంట్రుక కొస ఉన్న చుక్కలో కొంత వెంట్రుక, కొంత గోడ కలిసి ఉంటాయి. గోడ వెలుగు 255, నల్లని వెంట్రుక వెలుగు 51, మధ్య చుక్క 204 అనుకొందాము. గోడ నుండి వెంట్రుకకు తేడా 204. ఈ చుక్క గోడ కంటె తగ్గినది 51. అనగా అందులో వెంట్రుక నాలుగవ వంతు. ఆ చుక్కను పూర్తిగా తీసివేస్తే అంచు కత్తిరించినట్లు గరుకుగా ఉంటుంది. అట్లే ఉంచితే తల చుట్టూ తెల్లని చార మిగులుతుంది. రంగును 51 చేసి, దట్టాన్ని నాలుగవ వంతుకు తగ్గించడమే సరియైన పని. అప్పుడది ఏ రంగు మీదనైనా కలిసిపోతుంది. సంతకానికి కూడా ఇదే సూత్రం: చుక్క ఎంత తెలుపో అంత పారదర్శకం చేస్తే సిరా గీత మాత్రం మిగులుతుంది.

కాని వెంట్రుక వెలుగు 250, గోడ వెలుగు 255 అయినప్పుడు ఏ లెక్క నిలుస్తుంది? మనిషి ఆకారాన్ని ఊహించి వేరుచేసే సాధనాలు ఇప్పుడు ఉన్నవి. అనేక చిత్రాలతో వాటికి శిక్షణ ఇచ్చినారు. అవి చాలవరకు పనిని తేలిక చేస్తాయి. అయినా వాటిది ఊహ. నెరసిన జుట్టు దగ్గర అవి కూడా తడబడవచ్చును. అక్కడ ఆ మనిషిని ఎరిగిన కన్నే గట్టు వేయవలెను.

అందుచేత ఇంటిలో ఈ పని చేసికొనేవారికి నాలుగు మాటలు. అసలు ఫొటోను తాకకుండా దాని నకలు మీద పని చేయండి. తెలుపును చెరిపివేయడానికి బదులు కప్పి ఉంచే పద్ధతిని, అనగా మాస్క్‌ను వాడితే, పోయినదానిని తిరిగి తెచ్చుకోవచ్చును. పని పూర్తి అయిన తరువాత ముదురురంగు మీద ఉంచి పరీక్షించండి. తెలుపు మీద ఏ లోపమూ కనిపించదు. చివరకు పీఎన్‌జీ పద్ధతిలో భద్రపరచండి. మనం మామూలుగా వాడే జేపెగ్‌లో నాలుగవ అంకెకు చోటు లేదు. అందులో పెడితే ఖాళీ స్థలం మళ్ళీ ఏదో ఒక రంగుతో, తరచు తెలుపుతోనే, నిండిపోతుంది. కొత్తగా ఫొటో తీసేటప్పుడు తెల్లబట్టలు కట్టినవారి వెనుక రంగు దుప్పటి ఒకటి కట్టితే సగం శ్రమ తప్పుతుంది.

మా ఇంటి కార్డులు అప్పటికే ఊళ్ళకు చేరినవి. వాటిని సరిదిద్దలేకపోయినాము. అసలు చిత్రం మాత్రం చెక్కుచెదరలేదు. తరువాత ఒకనాడు ఆ చెల్లెలిని పక్కన కూర్చుండబెట్టుకొని మళ్ళీ ఆ పని చేసినాము. పాపిడి ఎక్కడ, కొప్పు ఎంతవరకు, భుజం మీద చెంగు ఎట్లా వాలినది అన్నది ఆమె వేలితో చూపగా, ఆ వెంబడి అంచు గీసినాము. వెనుక నీలిరంగు ఉంచి చూపితే, “ఇప్పుడు మా అప్పే” అన్నది.