భాగాలు మారే ఫోను: కొనాలా, ఆగాలా?



ఈనాటి మన అంశం మీ అందరి జేబుల్లోనూ, పుస్తకాల సంచుల్లోనూ ఉన్నదే. అది సెల్‌ఫోన్. అందులోనూ, భాగాలను విడదీసి మార్చుకోవడానికి వీలుగా తయారుచేసే మాడ్యులర్ స్మార్ట్‌ఫోన్. ఉన్న ఫోనును పక్కనపెట్టి అటువంటిది కొనడం లాభమా, నష్టమా? ఆ సంగతి ఎలా తేల్చుకోవాలి?

ఈ ప్రశ్న నాకు పుస్తకంలో ఎదురైనది కాదు. నేను ఢిల్లీలో యమునకు తూర్పున, మయూర్ విహార్ ఫేజ్ 1లో ఉంటాను. మా పక్క వాటాలో తెనాలి నుంచి వచ్చి బీఎస్సీ చదువుతున్న ఒక అమ్మాయి పేయింగ్ గెస్టుగా ఉంటోంది. ఒక సాయంత్రం తన ఫోను పట్టుకొని వచ్చి, "మాస్టారూ, ఇది మూడేళ్ల నాటిది. మధ్యాహ్నానికే చార్జింగ్ అయిపోతోంది. భాగాలు మార్చుకునే ఫోన్లు వస్తున్నాయట. ఒకటి కొంటే ఇక ఏళ్ల తరబడి చూసుకోనక్కర్లేదట. ముప్ఫై వేలు. నాన్నగారిని అడగమంటారా?" అంది. వాళ్ల నాన్నగారిది చిన్న కిరాణా కొట్టు. ఆ నెలలోనే సెమిస్టరు ఫీజు కూడా కట్టాలి. తొందరపడి ఔననో కాదనో అనకూడదనిపించింది. ఇద్దరం కూర్చొని కాగితం మీద లెక్క వేశాం. అదే ఇప్పుడు మీ ముందు పెడుతున్నాను.

మాడ్యులర్ అంటే ఏమిటి?

మీ ఇంట్లో ప్రెషర్ కుక్కరు ఉంది కదా. గాస్కెట్టు సాగిపోతే అమ్మ కుక్కరును పారేయదు. బజారుకు వెళ్లి కొత్త గాస్కెట్టు తెచ్చి వేస్తుంది. ఎడ్లబండి చక్రం విరిగితే బండినంతా మార్చరు. వడ్రంగి చక్రం మారుస్తాడు. ఒక వస్తువును స్వతంత్రమైన భాగాలుగా విభజించి, ఏ భాగాన్నయినా మిగతా వాటిని కదిలించకుండా మార్చగలిగితే ఆ నిర్మాణాన్ని మాడ్యులర్ అంటాం.

కంప్యూటర్ల రంగంలో ఈ పద్ధతికి పెద్దపీట వేసింది 1964లో ఐబీఎం ప్రకటించిన సిస్టమ్ 360. చిన్న యంత్రం కొన్న సంస్థ తరవాత పెద్దది కొనుక్కున్నా, పాత ప్రోగ్రాములూ, పాత పరికరాలూ పనికొచ్చేవి. మన ఢిల్లీలో నెహ్రూ ప్లేస్‌కు వెళ్లి, ఒక దుకాణంలో మదర్‌బోర్డు, మరో దుకాణంలో మెమరీ, ఇంకోచోట హార్డ్‌డిస్కు కొని కంప్యూటరు కూర్పించుకున్నవారు వేలమంది. అది సాధ్యమైంది ఎందువల్ల? ఆ భాగాల కొలతలు, అవి కలిసే చోట్లు ఏ ఒక్క కంపెనీ సొత్తూ కావు. ఎవరు చేసినా అతుకుతాయి. ఈ మాట గుర్తుంచుకోండి. మనకు మళ్లీ అవసరమవుతుంది.

ఫోన్లలో ఏం జరిగింది?

2013 సెప్టెంబరులో డేవ్ హాకెన్స్ అనే డచ్ డిజైనర్ ఫోన్‌బ్లాక్స్ పేరుతో ఒక ఊహను ప్రపంచం ముందు ఉంచాడు. పిల్లలు ఆడుకునే దిమ్మెల్లా కెమెరా, బ్యాటరీ, ప్రాసెసర్ విడివిడిగా అమర్చుకునే ఫోను అది. అదే ఏడాది అక్టోబరులో మోటరోలా, అప్పుడు దాని యజమానిగా ఉన్న గూగుల్, ప్రాజెక్ట్ ఆరా పేరుతో అటువంటి ప్రయత్నాన్నే ప్రకటించాయి. మూడేళ్లు కృషి జరిగింది. 2016 మే నాటికి ప్రాసెసర్, తెర, బ్యాటరీ స్థిరంగా చట్రంలోనే ఉంటాయని చెప్పవలసి వచ్చింది. ఆ సెప్టెంబరులో పథకమే ఆగిపోయింది.

అదే 2016లో రెండు మాడ్యులర్ ఫోన్లు మన దేశంలో నిజంగానే అమ్మకానికి వచ్చాయి. మొదటిది ఎల్జీ జీ5. దాని అడుగుభాగాన్ని బ్యాటరీతో సహా బయటికి లాగి, కెమెరా పట్టుడు కోసం ఒక భాగాన్నో, సంగీతం కోసం మరో భాగాన్నో తగిలించవచ్చు. మార్చిన ప్రతిసారీ ఫోను ఆగిపోయి మళ్లీ మొదలయ్యేది. మరుసటి ఏడాది వచ్చిన జీ6లో ఆ ఏర్పాటు లేదు. అంటే జీ5 కోసం కొన్న భాగాలు ఆ ఒక్క ఫోనుతోనే సరి. 2021లో ఎల్జీ ఫోన్ల వ్యాపారం నుంచే తప్పుకొంది.

రెండోది మోటో జెడ్. వెనక వైపు అయస్కాంతంతో అతుక్కునే మోటో మాడ్స్ దీని ప్రత్యేకత. స్పీకరు, ప్రొజెక్టరు, జూమ్ కెమెరా, అదనపు బ్యాటరీ వచ్చాయి. తరవాతి మోడళ్లకు కూడా అవే భాగాలు పనికొచ్చేలా కంపెనీ చూసింది. 2019లో అమెరికాలో మోటో జెడ్3కి 5జీ సౌకర్యాన్ని కూడా ఇలా తగిలించే భాగంగానే అందించారు. కాని అదే ఏడాది వచ్చిన మోటో జెడ్4తో ఆ వరస ఆగిపోయింది.

ఈ ప్రయత్నాలు ఎందుకు నిలవలేదు?

మొదటి కారణం స్థలం. భాగం విడదీయగలిగేలా ఉండాలంటే దానికి సొంత గోడ, గొళ్లెం, విద్యుత్ కలిసే ముళ్లు కావాలి. ఇవన్నీ మందాన్నీ, బరువునూ పెంచుతాయి. మోటో జెడ్ సంగతే చూడండి. వెనక మాడ్ తగిలించినా చేతిలో ఇమడాలని ఫోనును దాదాపు 5.2 మిల్లీమీటర్ల మందానికి తగ్గించారు. అంత పలుచని ఫోనులో పట్టినది 2,600 ఎంఏహెచ్ బ్యాటరీ మాత్రమే. బ్యాటరీ చాలనివారు బ్యాటరీ మాడ్ కొనుక్కోవాలి. అంటే ఒక లోటును కల్పించి, దాన్ని పూడ్చే వస్తువును విడిగా అమ్మినట్టయింది.

రెండో కారణం మరింత ముఖ్యమైనది. నెహ్రూ ప్లేస్ కంప్యూటరులో అతుకు అందరిదీ. ఈ ఫోన్లలో అతుకు ఒక్క కంపెనీది. ఆ కంపెనీ మనసు మార్చుకున్న రోజున మన చేతిలోని భాగాలన్నీ అలంకార వస్తువులే. కుక్కరు ఇరవై ఏళ్లు మన్నేది అది విడదీయడానికి వీలుగా ఉన్నందువల్ల మాత్రమే కాదు. ఇరవై ఏళ్ల తరవాత కూడా గాస్కెట్టు బజారులో దొరుకుతుంది కనుక. మాడ్యులర్ నిర్మాణం సగం మాత్రమే. విడిభాగాల సరఫరా మిగతా సగం.

రెండో దారి

మాడ్యులర్ ఫోన్లలో రెండు జాతులున్నాయి. కొత్త హంగులు తగిలించడానికి వీలయ్యేవి ఒక జాతి. ఇప్పటిదాకా చెప్పినవి అవే. చెడిన భాగాన్ని తేలికగా మార్చుకోవడానికి వీలయ్యేవి మరో జాతి. ఆమ్‌స్టర్‌డామ్‌కు చెందిన ఫెయిర్‌ఫోన్ ఈ రెండో దారి పట్టింది. 2015లో వచ్చిన ఫెయిర్‌ఫోన్ 2కి 2023 మార్చి దాకా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఇచ్చింది. 2020లో మెరుగైన కెమెరా భాగాలు తెచ్చి, వాటిని ఫెయిర్‌ఫోన్ 3 ఉన్నవారికి విడిగా కూడా అమ్మింది. 2023లో వచ్చిన ఫెయిర్‌ఫోన్ 5కి 2031 దాకా అప్‌డేట్లు ఇస్తామని చెప్పింది. దాని బ్యాటరీని చేత్తోనే తీయవచ్చు. ఆ సంస్థకు ప్రధానమైన విపణి ఐరోపా.

మన దేశంలో 2024 జూలైలో రూ. 15,999 ప్రారంభ ధరతో సీఎంఎఫ్ ఫోన్ 1 విడుదలైంది. దాని వెనక మూతను స్క్రూడ్రైవరుతో విప్పి వేరే రంగు మూత వేయవచ్చు. ఒక స్టాండో, కార్డుల పెట్టెనో బిగించవచ్చు. ముచ్చటైన ఏర్పాటే. కాని ప్రాసెసర్‌ను, కెమెరాను మీరు మార్చలేరు. కాబట్టి ప్రకటనలో మాడ్యులర్ అనే మాట కనిపించగానే అడగవలసిన ప్రశ్న ఒకటుంది: మారేది చొక్కానా, గుండెకాయా?

ఇప్పుడు లెక్క

ఏ వస్తువైనా ధర చూసి కాదు, ఏడాదికి ఎంత పడుతుందో చూసి తూచాలి. కొన్న ధరకు మరమ్మతు ఖర్చు కలిపి, వాడే సంవత్సరాలతో భాగించాలి. ఆ అమ్మాయితో కలిసి మేము వేసుకున్న అంచనాలు ఇవి. మీ అంకెలు వేరు కావచ్చు. పద్ధతి మాత్రం ఇదే.

మొదటి మార్గం: పాత ఫోనుకే కొత్త బ్యాటరీ, రూ. 2,500. ఆ ఫోనుకు భద్రతా అప్‌డేట్లు మరో ఏడాదే వస్తాయి. కనుక ఏడాదికి రూ. 2,500.

రెండో మార్గం: మామూలు కొత్త ఫోను, రూ. 18,000. నాలుగేళ్ల వాడకం. ఏడాదికి రూ. 4,500. మధ్యలో ఒకసారి తెర పగిలి రూ. 6,000 పెట్టవలసి వస్తే మొత్తం రూ. 24,000, ఏడాదికి రూ. 6,000.

మూడో మార్గం: మాడ్యులర్ ఫోను, రూ. 30,000. ఎనిమిదేళ్లలో రెండు బ్యాటరీలకు రూ. 4,000, ఒక తెరకు రూ. 4,000. మొత్తం రూ. 38,000, ఏడాదికి రూ. 4,750. బాగుంది. కాని మూడేళ్లకే విడిభాగాలు దొరకడం మానేసి, ఫోను మూలపడితే? ముప్ఫై వేలను మూడుతో భాగించండి. ఏడాదికి రూ. 10,000.

గమనించారా? ఒకే ఫోను. ఎనిమిదేళ్లు వాడితే ఉన్నవాటిలో చవకైన వాటి సరసన నిలుస్తుంది; మూడేళ్లకే ఆగితే అన్నిటికంటే ఖరీదవుతుంది. తేడా అంతా భాజకంలో ఉంది. ఆ భాజకాన్ని నిర్ణయించేవి మూడు: విడిభాగాలు మన ఊళ్లో దొరకడం, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు రావడం, అన్నేళ్లు వాడే ఓపిక మనకు ఉండడం. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా లెక్క తప్పుతుంది.

ఇక ఆ అమ్మాయి ఫోనుకు వచ్చిన జబ్బేమిటి? ఫోను నెమ్మదించలేదు. తెర బాగుంది. బ్యాటరీ ఒక్కటే నీరసించింది. లిథియం అయాన్ బ్యాటరీలో చార్జి ఎక్కిన ప్రతిసారీ, దిగిన ప్రతిసారీ లిథియంలో అతి స్వల్పభాగం రసాయనిక చర్యల్లో చిక్కుకొని తిరిగి పనికి రాకుండా పోతుంది. కొన్ని వందల చార్జింగుల తరవాత ఆ తరుగు మనకు తెలుస్తుంది. వేడి ఈ చర్యను వేగిరపరుస్తుంది. ఢిల్లీ మే నెల ఎండలు ఎలా ఉంటాయో చెప్పనక్కర్లేదు. అంటే ఇది బ్యాటరీ సహజమైన ముసలితనమే తప్ప ఫోను ఆయువు తీరడం కాదు.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. నేనొకసారి మూడు వందల రూపాయలు మిగుల్చుకోబోయి, ఊరూ పేరూ లేని బ్యాటరీ వేయించాను. ఆరు నెలలకు అది ఉబ్బి వెనక మూతను లేపేసింది. మరమ్మతులో పొదుపు చేయకూడని చోటు బ్యాటరీ.

మూడు దారుల స్టేషను

మా మయూర్ విహార్ ఫేజ్ 1 మెట్రో స్టేషనులో నీలం, గులాబీ రంగు లైన్లు కలుస్తాయి. నీలం లైనులో ఒక వైపు వెళ్తే నోయిడా వస్తుంది. 2018 జూలైలో అక్కడ విస్తరించిన శాంసంగ్ కర్మాగారాన్ని ప్రారంభించినప్పుడు, ఏడాదికి 12 కోట్ల ఫోన్ల సామర్థ్యం లక్ష్యమని ప్రకటించారు. అదే లైనులో రెండో వైపు వెళ్తే కరోల్ బాగ్. అక్కడి గఫార్ మార్కెట్లో చిన్న బల్లల ముందు కూర్చొని ఫోన్లకు ప్రాణం పోసేవారు బారులు తీరి కనిపిస్తారు. హైదరాబాదు వారికి ఆబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్ ఎలాగో, ఢిల్లీ వారికి ఇది అలాగ.

గులాబీ లైను ఎక్కి వెల్‌కమ్‌లో దిగి, ఎర్ర లైను మారితే మరుసటి స్టేషను సీలంపూర్. పనికిరాని ఎలక్ట్రానిక్ వస్తువులను విడగొట్టడానికి ఆ ప్రాంతం పేరుపడింది. రాగి కోసం తీగలు కాల్చడం, లోహాల కోసం బోర్డులను ఆమ్లాల్లో ముంచడం వంటి పనుల్లో చేతులకు తొడుగులు కూడా లేనివారు ఎందరో. మనం ఎక్స్‌చేంజిలో ఇచ్చేసిన ఫోను మన కళ్ల ముందు నుంచి మాయమవుతుంది. లోకంలోంచి మాయం కాదు. 2022 నాటి ఈ-వ్యర్థాల నిర్వహణ నియమాలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చి, వ్యర్థాల పునర్వినియోగ బాధ్యతను ఉత్పత్తిదారుల మీద పెట్టాయి. మన వంతు బాధ్యత, ఫోను ఆ దారి పట్టే రోజును వీలైనంత వెనక్కి నెట్టడం.

ప్రభుత్వాలు కూడా ఈ దిశగా కదులుతున్నాయి. వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరు 24న మరమ్మతు హక్కు పోర్టల్‌ను ప్రారంభించింది. ఐరోపా సమాఖ్య నిబంధనల ప్రకారం, 2027 ఫిబ్రవరి నుంచి అక్కడ అమ్మే చేతి పరికరాల బ్యాటరీలను, కొన్ని మినహాయింపులు పోగా, వాడేవారే మార్చుకోగలిగేలా ఉంచాలి. అంటే ఇవాళ మాడ్యులర్ పేరుతో విడిగా అమ్ముతున్న గుణం రేపు మామూలు ఫోన్లకూ కొంత రావచ్చు. ఆగడానికి ఇది మరో కారణం.

ముగింపు

ఇప్పటిదాకా చెప్పుకున్నదాన్ని నాలుగు ప్రశ్నలుగా మననం చేసుకుందాం. ఒకటి, నా ఫోనులో చెడినది ఏమిటి? రెండు, అది ఇప్పుడే, తక్కువ ఖర్చుతో బాగుపడుతుందా? మూడు, కొత్త ఫోనులో మారే భాగాలు నాకు చెడే భాగాలేనా? నాలుగు, ఆ భాగాలూ, అప్‌డేట్లూ ఎన్నేళ్లు ఇస్తామని కంపెనీ రాతపూర్వకంగా చెప్పింది? నాలుగింటికీ జవాబు తెలిశాకే జేబులో చెయ్యి పెట్టండి. మీ తెర పగిలినా, అప్‌డేట్లు ఆగిపోయినా, మీరు ఫోనును ఏళ్ల తరబడి వాడేవారైనా, విడిభాగాలు దొరికే మాడ్యులర్ ఫోను మంచి ఎంపికే కావచ్చు. అది మోసమని నేను అనడం లేదు. అది అందరికీ, అన్నివేళలా అవసరం కాదంటున్నాను.

ఆ అమ్మాయి అధీకృత కేంద్రానికి వెళ్లి బ్యాటరీ మార్పించుకొంది. తెనాలికి ఫోను చేసినప్పుడు ముప్ఫై వేల ఊసు ఎత్తలేదు. అప్‌డేట్లు ఆగిపోయే నెలను గోడ మీది క్యాలెండరులో రాసుకొని, అప్పటికి ఉంటాయని నెలకు వెయ్యి రూపాయలు పక్కన పెడుతోంది. ఆ రోజు వచ్చాక మాడ్యులర్ ఫోనే కొంటుందో, మామూలుదే కొంటుందో నాకు తెలియదు. ఏది కొన్నా లెక్క చూసుకొనే కొంటుంది.

మీరు కూడా ఇవాళ ఇంటికి వెళ్లాక మీ ఫోను కొన్న తేదీ, ధర, ఇప్పటిదాకా అయిన మరమ్మతు ఖర్చు ఒక కాగితం మీద రాయండి. ఏడాదికి ఎంత పడిందో భాగించి చూడండి. వచ్చిన జవాబును ఇంట్లో పెద్దవాళ్లకు చూపించి, వాళ్లేమంటారో వినండి.