బావి నీరు చెడినచో బాధ్యత యెవరిది?



పొరుగువాని యెద్దు చేలో పడి పైరు మేసినచో, ఎద్దు యజమాని నష్టము చెల్లించవలెనని పల్లెలలో ఎవరికిని నేర్పనక్కరలేదు. అతడు కావలెనని తోలెనా, పలుపు తెంచుకొని అదియే వచ్చెనా యని రచ్చబండ వద్ద అంతగా విచారింపరు. కాని చేలో పడినది ఎద్దు కాక కర్మాగారపు విషజలమైనప్పుడు, ఇంత సులభమైన న్యాయము కోర్టులకు చేరుటకు చాల కాలము పట్టినది.

ఇంగ్లండులోని లాంకషైరులో ఒక మిల్లు యజమాని చెరువు త్రవ్వించెను. ఆ నీరు పాడుపడిన గనిదారుల గుండ పొరుగువాని బొగ్గుగనిలోనికి పొంగినది. మిల్లు యజమాని స్వయముగా చేసిన అజాగ్రత్త లేదు. అయినను, తప్పించుకొని పోయినచో హాని చేయగల వస్తువును తన భూమిపై తెచ్చి నిలువ చేసినవాడే నష్టము భరింపవలెనని 1868లో ప్రభువుల సభ తీర్పు చెప్పినది. ఇదియే రైలాండ్సు, ఫ్లెచరుల వ్యాజ్యము. అయితే, ఇది దైవికమనియో, మూడవవాని పని యనియో చెప్పి తప్పించుకొనుటకు అందులో సందులు మిగిలినవి. 1984లో భోపాలు విషవాయువు వేలాది ప్రాణములను బలిగొనిన పిమ్మట, మరుసటి యేడు ఢిల్లీలో ఓలియం వాయువు వెలువడిన వ్యాజ్యమున సుప్రీంకోర్టు 1986లో ఆ సందులను మూసివేసినది. ప్రమాదకర పరిశ్రమను నడుపువానికి ఏ మినహాయింపును లేదు. పరిశ్రమ ఎంత పెద్దదో పరిహారమును అంత పెద్దది కావలెను.

బాధ్యత తేలినంత మాత్రమున బాధితుని చేతికి డబ్బు రాదు. యజమాని దివాలా తీయవచ్చును. ఇందులకే 1991లో ప్రజాబాధ్యతా భీమా చట్టము వచ్చినది. ప్రమాదకర పదార్థములను వాడు యజమాని ముందుగనే భీమా చేయించవలెను. ప్రమాదము జరిగినచో బాధితుడు ఐదేండ్లలోగా కలెక్టరునకు దరఖాస్తు పెట్టుకొనవచ్చును. యజమాని తప్పును నిరూపించు భారము అతనిపై లేదు. చట్టము చేసిననాడు మరణమునకు నిర్ణయించిన సహాయము 25,000 రూపాయలు. ఆస్తి నష్టమునకు 6,000 వరకు. ఇది తక్షణ సహాయమే కాని పూర్తి పరిహారము కాదు. మిగిలినదానికై కోర్టుకు పోవు హక్కు అట్లే యుండును.

2020 మే 7వ తేదీ తెల్లవారుజామున విశాఖపట్టణము దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురమున స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది మరణించిరి. జాతీయ హరిత ట్రిబ్యునలు మరునాడే 50 కోట్ల రూపాయలు డిపాజిటు చేయుమని కంపెనీని ఆదేశించినది. ఆ ప్రమాదమునకు తేదీ కలదు, గంట కలదు, చూచిన ఊరు కలదు. మెల్లగా చెడిన బావికి ఇవేవియు లేవు.

చిక్కు ఇచ్చటనే యున్నది. గడ్డివామి తగులబడినచో భీమా సంస్థ చెల్లించును. దూలమును చెదలు తిన్నచో చెల్లించదు. మొదటిది ఆకస్మికము, రెండవది నానాటికి జరిగినది. పరిశ్రమలు తీసికొను భీమా పత్రములలోను, హఠాత్తుగా జరిగిన కాలుష్యమునకు రక్షణ యిచ్చి, ఏండ్ల తరబడి ఇంకినదానికి మినహాయింపు వ్రాయుట తరచు కనబడును. ఒక విధముగ అది సబబే. భీమా యున్నదిగదా యని విషము పారబోయు ధైర్యము ఎవరికిని కలుగరాదు. కాని యజమాని చేతులెత్తినచో ఆ మినహాయింపు బరువు బావి గలవానిపై పడును.

రాజస్థానములో ఉదయపూరు దగ్గరి బిచ్‌రీ గ్రామమున జరిగినది ఇట్టిదే. 1980ల చివర అచ్చట రంగుల పరిశ్రమకు కావలసిన హెచ్-ఆసిడ్ అను రసాయనమును, తగిన అనుమతులు లేకయే తయారుచేసిరి. 375 టన్నుల సరుకు తీయగా సుమారు 2,400 టన్నుల విషపు మడ్డి మిగిలినది. దానిని ఆరుబయట పోసిరి. వానకు అది భూమిలో ఇంకి, 350 హెక్టారులలో సుమారు 60 బావుల నీరు మనుష్యులు త్రాగుటకే కాదు, పశువులకును, పైరునకును పనికిరాకపోయినది. గ్రామస్థులు తిరుగబడిరి, నిషేధాజ్ఞలు విధింపవలసివచ్చినది, 1989 జనవరిలో ఒక కర్మాగారము మూతపడినది. 1996లో సుప్రీంకోర్టు కాలుష్యము చేసినవాడే శుద్ధి వ్యయమును భరింపవలెనని తీర్పు చెప్పినది. ఆ తీర్పు వ్రాసిన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డిగారు అంతకుముందు ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో న్యాయమూర్తిగ నుండినవారు. వ్యయము 37 కోట్ల 38 లక్షల 50 వేలుగ నిర్ణయమైనది. దానిని కట్టక దరఖాస్తుపై దరఖాస్తు పెట్టుచు పోగా, 2011లో అదే కోర్టు 1997 నుండి నూటికి 12 వంతున చక్రవడ్డీతో కట్టుమన్నది. గెలిచిన గ్రామమునకే ఇంత కాలము పట్టినది!

2010 చట్టముచే ఏర్పడిన హరిత ట్రిబ్యునలునకు దక్షిణాది శాఖ చెన్నైలో కలదు. అచ్చటను పరిహారమునకు గడువు, కారణము మొదట పుట్టిన నాటినుండి ఐదేండ్లే. కనుక నీటి రంగు, వాసన మారిన తొలి దినము, పశువు జబ్బుపడిన దినము, వైద్యుని చీటీ, అధికారులకు పంపిన అర్జీ, దాని రసీదు, ఇవన్నియు తేదీలతో నుండవలెను. కర్మాగారపు కాలువనుండి ఎవరో సీసాలో పట్టితెచ్చిన నీటికి కోర్టులో విలువ తక్కువ. 1974 నాటి నీటి చట్టము ప్రకారము కాలుష్య నియంత్రణ మండలి అధికారి యజమానికి తెలియజేసి నమూనా తీసి, రెండు భాగములు చేసి, ముద్రవేసి, సంతకములు తీసికొనవలెను. ఆ పరీక్షా ఫలితమునకు నకలు అడుగవచ్చును. అట్టి పత్రములను ఒక ప్రతి చొప్పున గ్రంథాలయపు బీరువాలో ఉంచుటకు ప్రత్యేక నిబంధన అక్కరలేదు. ఒక అర, ఒక దస్త్రపు గుడ్డ చాలును.