గురి తప్పితే ముందు స్కోపును తిప్పకండి

కదిరి తేరు నాడు బెలూన్ల కొట్టు దగ్గర గాలి తుపాకీ పట్టనివాళ్లు మన నల్లచెరువు వైపు తక్కువ. దానికి స్కోపు ఉండదు. సొంతంగా ఎయిర్ రైఫిల్ కొని పైన స్కోపు బిగించుకున్నాకే చిక్కు మొదలవుతుంది. నిన్న నడిమధ్యలో పడిన గుండు ఇవాళ బెత్తెడు పక్కన పడుతుంది. వెంటనే చెయ్యి స్కోపు మర మీదికి పోతుంది. ఆ చేతిని కాసేపు ఆపమనడానికే ఈ నాలుగు మాటలు.

స్ప్రింగుతో పనిచేసే ఎయిర్ రైఫిల్, అంటే స్ప్రింగు తుపాకీ, రెండు వైపులా అదురుతుంది. లోపలి బరువైన పిస్టన్ ముందుకు దూకగానే వెనక్కి తంతుంది, పిస్టన్ ఆగగానే ముందుకు గుంజుతుంది. మందుగుండు రైఫిల్ తన్నేది వెనక్కే. దానికోసం చేసిన స్కోపును స్ప్రింగు తుపాకీకి పెడితే లోపలి అద్దాలు కదిలిపోవచ్చు. ఎయిర్ రైఫిల్ అదురును తట్టుకునేలా చేసిన స్కోపే కొనాలి. ఆ అదురుకే స్కోపును తుపాకీకి పట్టి ఉంచే మౌంటు కూడా వెంట్రుకవాసి చొప్పున వెనక్కి జరుగుతుంది. కాబట్టి ముందు మౌంటు మరలు, తర్వాత తుపాకీ కట్టెకున్న మరలు చూడండి. మౌంటు పక్కన ఒక గీత గీసి పెట్టుకుంటే జరిగిందీ లేనిదీ తెలిసిపోతుంది.

పట్టు సంగతి ఇంకా ముఖ్యం. గుండు గొట్టం దాటకముందే తుపాకీ అదరడం మొదలవుతుంది. బిగించి పట్టుకుంటే గుండు ఒక్కోసారి ఒక్కో వైపు పోతుంది. అరచేతిలో వదులుగా, ప్రతిసారీ అదే చోట ఆనించండి. అంచు వంగిన గుండ్లు పక్కన పడేయండి.

తల కాస్త కదిపితే స్కోపులోని గీతలు గురి మీంచి జరుగుతున్నాయా? దూరపు గురికి సరిచేసిన స్కోపును దగ్గరి గురికి వాడుతున్నారన్నమాట. దూరం మార్చుకునే రింగు ఉన్నదైతే మంచిది.

మరి సైటును ఎప్పుడు తిప్పాలి? 2008 బీజింగ్ ఒలింపిక్స్ ఎయిర్ రైఫిల్ ఫైనల్‌కు ముందు సరిచూసుకునే గుండు అభినవ్ బింద్రాకు బాగా పక్కకు పోయింది. ఆ పోటీలో స్కోపు ఉండదు, చిన్న రంధ్రంలోంచి చూసే సైటే. పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. ఆయన సైటు సరిచేసుకుని, ఆఖరి గుండుకు 10.8 కొట్టి స్వర్ణం గెలిచాడు. తన పట్టు మీద అనుమానం లేదు కాబట్టే సైటును ధైర్యంగా తిప్పగలిగాడని నా నమ్మకం.

మీ పట్టు సంగతి తేలాలంటే ఐదు గుండ్లు కాల్చండి. ఐదూ ఒక్కచోటే గుంపుగా పడి, ఆ గుంపు పక్కన ఉంటేనే స్కోపు మర తిప్పండి. మామూలు స్కోపుల్లో 10 మీటర్ల దూరాన గుంపు సెంటీమీటరు జరగాలంటే దాదాపు 14 టిక్కులు తిప్పాలి. గుండ్లు చెదిరిపోతే మర జోలికి పోకుండా మొదటి నుంచీ చూడండి, ఒక్కసారికి ఒక్కటే మార్చండి.

ఇదంతా కాగితం మీదే చేయాలి. తప్పు ఎటువైపు, ఎంత అనేది కాగితమే చూపిస్తుంది. పిట్టల మీద ప్రయత్నం వద్దు. 1972 వన్యప్రాణి చట్టం కింద అది నేరం. వీరాపురంలో కొంగలను ఊరంతా కాపాడుకుంటున్న సీమ మనది. గురి వెనక మట్టికట్ట ఉందో లేదో, దాని వెనక మనుషులెవరైనా ఉన్నారో లేదో చూసుకున్నాకే మీటను తాకండి.