విడిచిన చేప బ్రతకాలి

మత్స్యకార సోదరులారా,

చేపను పట్టడం మీకు ఒకరు నేర్పనక్కరలేదు. అయితే పట్టిన చేపను బ్రతికేలా తిరిగి నీటిలో వదలడం కూడా ఒక విద్యే. ఈ సంగతి చెప్పడానికి అమెరికా దేశపు దక్షిణాన ఉన్న మెక్సికో సింధుశాఖలోని రెడ్ స్నాపర్ అనే ఎర్రచేప కథ చెబుతాను.

ఈ చేప సముద్రం అడుగున రాతి దిబ్బల దగ్గర, మునిగిన ఓడల దగ్గర, చమురు బావుల స్తంభాల చుట్టూ కాపురముంటుంది. 50 ఏళ్లకు పైగా బ్రతుకుతుంది. దీనికి మూడు వైపులనుంచి దెబ్బ తగిలింది. అమ్మకానికి పట్టేవారు పెద్ద చేపను పట్టారు. రొయ్యల కోసం లాగే ట్రాల్ వలల్లో పిల్లచేప పడి చచ్చింది. సెలవునాడు సరదాకి గాలం వేసేవారు మిగిలిన పని పూర్తి చేశారు. "సరదాకి పట్టేవాడు ఎన్ని పడతాడులే" అనుకొంటాం. వేలాది పడవలు ఒకే వేసవిలో బయలుదేరితే ఏమవుతుందో లెక్క వేసుకోండి! 1980ల చివరికి ఈ జాతి బాగా క్షీణించిందని తేలింది.

అప్పుడు కట్టుబాట్లు వచ్చాయి. 2007లో అమ్మకానికి పట్టేవారికి ఎవరి వాటా వారికి పంచారు. సరదా వేటగాళ్లకు రోజుకు మనిషికి 2 చేపలు, 16 అంగుళాలకు తగ్గినది పట్టరాదు అన్నారు. చేప కోలుకొని బరువెక్కేకొద్దీ కోటా త్వరగా నిండిపోయి, వేట దినాలు తగ్గుతూ వచ్చాయి. 2017లో సొంత పడవలవారికి కేంద్ర జలాల్లో ముందు 3 రోజులే ఇచ్చారు. జనం గగ్గోలు పెట్టగా మరి 39 రోజులు కలిపారు. పట్టు దించేముందే లెక్క చెప్పాలని అలబామా రాష్ట్రం 2014లో నియమం పెట్టింది. లెక్క తెలియకుండా వాటా ఎలా పంచుతాం?

ఇంతవరకు బాగానే ఉంది. కాని చిన్న చేపను వదలమన్నాం గదా, అది బ్రతికిందా? అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

చేప కడుపులో గాలితిత్తి ఉంటుంది. 30 మీటర్ల లోతున గుప్పెడు ఉన్న గాలి, పైకి వచ్చేసరికి నాలుగు గుప్పెళ్లవుతుంది. అందుచేత కళ్లు ఉబ్బుతాయి, జీర్ణకోశం నోట్లోంచి బయటికి పొడుచుకొస్తుంది. అలాంటి చేపను వదిలితే అడుగుకు దిగలేక తేలుతుంది. పక్షులకో, సొరలకో ఆహారమవుతుంది. చట్టం పాటించినట్టే ఉంటుంది గాని చేప దక్కదు.

దీనికి ఉపాయం సులభమే. తాడుకు బరువు కట్టి, చేప పెదవికి చిన్న పట్టుకారు తగిలించి లోతుకు దింపాలి. అక్కడ తాడు గుంజితే పట్టు వదులుతుంది. లేదా బరువు కట్టిన బుట్టను చేపమీద బోర్లించి దింపండి. లోతుకు వెళ్లాక గాలి మళ్లీ కుంచించుకుపోయి చేప తేరుకొంటుంది. నోట్లోంచి వచ్చిన కోశాన్ని మాత్రం ఎన్నడూ గుచ్చరాదు. 2022 జనవరిలో అక్కడి కేంద్ర జలాల్లో ఇలాంటి దింపుడు సాధనమో, గాలి తీసే బోలు సూదియో పడవలో సిద్ధంగా ఉండాలనే నియమం వచ్చింది.

ఎందుకింత శ్రమ అంటారా? 61 సెంటీమీటర్ల తల్లిచేప ఒక్కటి, 42 సెంటీమీటర్ల తల్లిచేపలు 212 కలిసి పెట్టినన్ని గుడ్లు పెడుతుందని అక్కడి శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. నేడు వదిలిన చిన్నది బ్రతికితేనే రేపు ఆ తల్లి అవుతుంది. 2032 నాటికి ఈ జాతిని పూర్తిగా కోలుకొనేలా చేయాలని వారి సంకల్పం.

మన తూర్పు తీరాన కూడా ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట ఆపుతున్నాం. అది గుడ్లు పెట్టే తల్లికి ఇచ్చే గడువు. మిగతా రోజుల్లో గడువు ఇవ్వవలసింది మన చేతులే. లోతు రాళ్లమీద గాలం వేసేవారు మీ వాటా నిండగానే చోటు మార్చండి. పెద్దది దొరుకుతుందని చిన్నవాటిని పట్టి పారవేయకండి. పడవలో బరువు కట్టిన పాత బుట్ట ఒకటి ఉంచుకోండి. దానికి ఖర్చేమీ లేదు.